క్యామ్‌కార్డర్‌కు వైడ్ యాంగిల్ లెన్స్ ఎలా ఎంచుకోవాలి? ఎలా వాడాలి?

చిన్న గదిలో జరిగే సత్యనారాయణ వ్రతాన్నో, గృహప్రవేశాన్నో క్యామ్‌కార్డర్‌తో తీసిన ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. పీటల మీద దంపతులు, పక్కన పురోహితుడు, ఎదురుగా కలశం, ఇవన్నీ ఒకే ఫ్రేములోకి రావాలంటే ఇంకో రెండడుగులు వెనక్కి జరగాలి. కానీ వీపు అప్పటికే గోడకు ఆని ఉంటుంది. స్టిల్ కెమెరా పట్టుకున్నవారు లెన్స్ మార్చుకుంటారు. క్యామ్‌కార్డర్లలో చాలావాటికి లెన్స్ కెమెరాతోనే కలిసి ఉంటుంది గనుక, దాని ముందు మరల మీద బిగించే వైడ్ కన్వర్టరే మనకున్న దారి. వీడియో పనిలో ఉన్నవాళ్లం దాన్ని వైడ్ లెన్స్ అనే పిలుస్తాం. ఏళ్ల తరబడి శుభకార్యాలు తీసిన అనుభవంతో చెబుతున్నాను: ఈ లెన్స్ కొనేటప్పుడు అందరూ మొదట దాని మీద ఉన్న అంకెను చూస్తారు గానీ, జూమ్ చేసినప్పుడు కూడా అది ఫోకస్ నిలుపుతుందా లేదా అన్నదే అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం.

అవసరం ఎంతో లెక్క చూసుకోండి

కెమెరాతో వచ్చిన పుస్తకంలో, 35 మి.మీ. ఫిల్ముకు సమానమైన ఫోకల్ లెంగ్త్ ఎంతో రాసి ఉంటుంది. అందులో మొదటి అంకె ఎంత చిన్నదైతే కెమెరా అంత వెడల్పుగా చూస్తుంది. క్యానన్ హెచ్‌వీ20లో అది 43.6 మి.మీ.; సోనీ ఏఎక్స్100లో 29 మి.మీ.; సోనీ ఏఎక్స్53లో 26.8 మి.మీ. మనిషికీ కెమెరాకూ మధ్య ఉన్న దూరాన్ని 36తో గుణించి, ఆ అంకెతో భాగిస్తే, ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. రెండు మీటర్ల దూరం నుంచి హెచ్‌వీ20కి కనిపించేది 1.65 మీటర్లే. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే సరిపోతుంది, మూడో మనిషి సగమే వస్తాడు. దానికి 0.7ఎక్స్ లెన్స్, అంటే ఆ అంకెను 0.7 రెట్లకు తగ్గించేది, తగిలిస్తే 43.6 కాస్తా 30.5 అవుతుంది, వెడల్పు 2.36 మీటర్లకు పెరుగుతుంది. అదే ఏఎక్స్53 అయితే ఏ లెన్సూ లేకుండానే 2.69 మీటర్లు చూపిస్తుంది. కాబట్టి పాత కెమెరా ఉన్నవారికి ఈ లెన్స్ ఎంత అవసరమో, ఈ మధ్య వచ్చిన కెమెరాలు ఉన్నవారిలో చాలామందికి అంత అనవసరం.

కొనే ముందు చూడవలసినది ఇంకొకటి ఉంది. వణుకును తగ్గించే స్టెబిలైజర్‌లో యాక్టివ్ అనే మోడ్ ఉన్న కెమెరాల్లో చాలావరకు, ఆ మోడ్ పెట్టగానే ఫ్రేము అంచులు కత్తిరించుకుపోయి దృశ్యం ఇరుకవుతుంది. కెమెరాను స్టాండు మీద పెట్టి, మెనూలో ఆ మోడ్‌ను తీసి చూడండి. ఖర్చు లేకుండానే కొంత వెడల్పు తిరిగి వస్తుంది. కొందరికి అదే చాలు.

మర సైజు

కెమెరా లెన్స్ అంచు మీద, గుండ్రని సున్నాకు అడ్డగీత ఉన్న గుర్తు పక్కన ఒక అంకె ఉంటుంది. అది ఫిల్టర్ మర వ్యాసం. హెచ్‌వీ20కి 43 మి.మీ., ఏఎక్స్53కి 55, ఏఎక్స్100కి 62, సోనీ వీఎక్స్2000కు 58. అదే సైజు మరతో దొరికే లెన్స్ కొనడం ఉత్తమం. దొరకకపోతే, కెమెరా మర కంటే పెద్ద మర ఉన్న లెన్స్ తీసుకుని మధ్యలో, చిన్న మరకు పెద్ద మరను కలిపే స్టెప్ అప్ రింగు వేసుకోవచ్చు. కెమెరా మర కంటే చిన్న మర ఉన్న లెన్స్ మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. దృశ్యం నాలుగు మూలలా నల్లబడుతుంది, దానికి మందు లేదు.

జూమ్ అంతటా ఫోకస్ నిలిచే లెన్సే కావాలి

మార్కెట్లో దొరికేవి స్థూలంగా రెండు జాతులు. మొదటి జాతి లెన్సులలో రెండు మూడు గాజులు కలిసి పనిచేసి, కెమెరా ఎంత జూమ్ చేసినా ఫోకస్ చెడకుండా చూస్తాయి. వీటిని ఫుల్ జూమ్ త్రూ అంటారు. ఇవి సాధారణంగా 0.7 నుంచి 0.8ఎక్స్ వరకు ఉంటాయి, బరువుగా ఉంటాయి, ధర కూడా ఎక్కువే. రెండో జాతివి తేలికగా, చవకగా, 0.5 అనో 0.45 అనో పెద్దగా రాసిన అంకెతో ఆకర్షిస్తాయి. ఇవి కెమెరా పూర్తి వైడ్‌లో, అంటే అసలు జూమ్ చేయకుండా, ఉన్నంతవరకే పనిచేస్తాయి. కారణం తేలికే. ఇలాంటి లెన్స్ తగిలించగానే, దూరంగా ఉన్న వస్తువు కూడా గాజుకు బాగా దగ్గరగా ఉన్నట్టు కెమెరాకు కనిపిస్తుంది. పూర్తి వైడ్‌లో కెమెరా అంత దగ్గరి వస్తువు మీద కూడా ఫోకస్ చేయగలదు గనుక సర్దుకుంటుంది. జూమ్ చేసే కొద్దీ ఆ శక్తి తగ్గిపోయి దృశ్యం మసకబారుతుంది.

ఈ తేడా తెలియని రోజుల్లో నేను 0.45ఎక్స్ లెన్స్ ఒకటి కొని, ముందుగా పరీక్షించకుండానే ఒక గృహప్రవేశానికి తీసుకువెళ్లాను. గది మొత్తం చక్కగా వచ్చింది. పాలు పొంగే సమయానికి గిన్నె మీదికి జూమ్ చేశాను. కెమెరా మీది చిన్న తెరలో అంతా బాగానే కనిపించింది. ఇంటికొచ్చి టీవీలో పెట్టి చూస్తే, గిన్నె అంచు దాటి నురగ కిందికి జారే ఆ నాలుగైదు క్షణాలూ పొగమంచులో తీసినట్టు ఉన్నాయి. ఆ ఇల్లాలు కొత్త పొయ్యి మీద మొదటిసారి పాలు పొంగించిన ఘడియను మళ్లీ తీయడమన్నది ఉండదు. ఆ రోజు నుంచి జూమ్‌లో పరీక్షించని లెన్సును నేను ఏ కార్యానికీ తీసుకువెళ్లలేదు.

అందుకే నా సలహా 0.7ఎక్స్ దగ్గరే ఆగమని. రేనాక్స్ హెచ్‌డీ 7000 ప్రో, క్యానన్ హెచ్‌వీ20 కోసం చేసిన డబ్ల్యూడీ హెచ్43 ఈ 0.7ఎక్స్ తరగతివే, పాత సామాను అమ్మేచోట ఇలాంటివి గీతలు లేకుండా దొరికితే వదలకండి. ఇప్పటికే చవక లెన్స్ కొనివుంటే దాన్ని పారేయనక్కరలేదు. వాటిలో చాలావాటి వెనక భాగం మర విప్పితే విడిగా ఊడి వస్తుంది. ఆ ముక్క మాక్రో గాజు. మంగళసూత్రం మీది చెక్కడం, వేలి ఉంగరం వంటి వాటిని దగ్గరగా తీయడానికి అది పనికొస్తుంది.

కొన్న రోజే ఇంట్లో పరీక్షించండి

వీలైతే మీ కెమెరాను దుకాణానికే తీసుకెళ్లండి, లేదా వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే ఇంట్లో చూడండి. కెమెరా తెరను నమ్మవద్దు. కొన్ని కెమెరాల తెర రికార్డయ్యే దృశ్యపు అంచులను పూర్తిగా చూపదు. రికార్డు చేసి పెద్ద టీవీలో చూడడమే సరైన పద్ధతి.

ముందుగా తెల్లగోడను పూర్తి వైడ్‌లో తీయండి. స్టెబిలైజర్ ఆన్ చేసి, కెమెరాను చేతిలో పట్టుకుని కాస్త కదిలిస్తూ తీయాలి. స్టెబిలైజర్ పనిచేసేటప్పుడు దృశ్యం కొద్దిగా పక్కలకు జరుగుతుంది గనుక, కదలకుండా ఉన్నప్పుడు కనబడని నల్లటి మూలలు అప్పుడు బయటపడతాయి.

తరువాత కిటికీ ముందు నిలబడండి. ఇనుప గ్రిల్ ఉన్న కిటికీ, వెనక పట్టపగటి ఆకాశం, ఇంతకంటే మంచి పరీక్ష పరికరం లేదు. నిలువు కడ్డీలు ఫ్రేము మధ్యలో నిటారుగా ఉండి, అంచులకు వచ్చేసరికి విల్లులా బయటికి వంగుతాయి. కొంత వంపు ప్రతి వైడ్ లెన్సులోనూ ఉంటుంది. కూర్చున్న మనుషుల మధ్య అది తెలియదు. కానీ గుమ్మం పీపాలా ఉబ్బినట్టు కనిపిస్తే ఆ లెన్స్ వద్దు. కడ్డీల అంచుల వెంట ఊదారంగు, పచ్చరంగు గీతలు కనిపిస్తున్నాయేమో కూడా చూడండి. అది గాజు నాణ్యత లోపం, ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. మూలల్లో మాత్రమే కొంచెం మెత్తదనం ఉంటే, కెమెరా ఐరిస్‌ను (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్4 నుంచి ఎఫ్5.6 మధ్య ఉంచి మళ్లీ తీయండి, చాలావరకు తగ్గుతుంది. అంతకు మించి ఐరిస్ మూయడం వల్ల లాభం లేదు, చిన్న సెన్సార్లలో అది మొత్తం దృశ్యాన్నే మెత్తబరుస్తుంది.

చివరిగా, గది అవతలి చివర గోడకు దినపత్రిక అంటించి, పూర్తి వైడ్ నుంచి పూర్తి టెలీ (జూమ్ చివరి కొస) వరకు నెమ్మదిగా జూమ్ చేయండి. శీర్షికల అక్షరాలు ఏ దశలోనూ చెదరకూడదు. నేను చెప్పిన వాటిలో ఒక్క పరీక్షే చేసే తీరిక ఉంటే, దీన్నే చేయండి.

బిగించడం

ముందుగా కెమెరాకు ఉన్న యూవీ ఫిల్టర్‌ను తీసేయండి. దాని మీద లెన్స్ బిగిస్తే గాజు ఇంకా ముందుకు జరిగి మూలలు నల్లబడతాయి. కెమెరాను ఒళ్లో గానీ బల్ల మీద గానీ, ముఖం పైకి ఉండేలా పెట్టుకోండి. వైడ్ లెన్సును మర మీద ఆనించి, మొదట వెనక్కి, అంటే విప్పే దిశలో, నెమ్మదిగా తిప్పండి. మరలు ఒకదానిలో ఒకటి కూర్చునే చోట చిన్న టక్కుమనే స్పర్శ వేళ్లకు తగులుతుంది. అక్కడి నుంచి ముందుకు బిగించాలి. చాలా క్యామ్‌కార్డర్ల మర ప్లాస్టిక్‌ది. వంకరగా ఎక్కిస్తే ఒక్కసారికే చెడిపోతుంది. బిగువు చాలనగానే ఆపండి. లెన్సును చేతిపిడిగా పట్టుకుని కెమెరాను ఎత్తవద్దు, బరువంతా ఆ సన్నని మర మీద పడుతుంది.

కొన్ని కెమెరాల మెనూలో కన్వర్షన్ లెన్స్ అనే ఎంపిక ఉంటుంది. దాన్ని సరిచేస్తే స్టెబిలైజర్ కొత్త వెడల్పుకు తగ్గట్టు పనిచేస్తుంది. హెచ్‌వీ20 లాంటి క్యానన్ కెమెరాల్లో ఇన్‌స్టంట్ ఏఎఫ్ అనే వేగవంతమైన ఆటో ఫోకస్‌కు లెన్స్ బయట ప్రత్యేకమైన సెన్సార్ ఉంటుంది. వైడ్ లెన్స్ దానికి అడ్డం వస్తుంది కనుక మామూలు ఏఎఫ్‌కు మార్చుకోండి. స్టాండు మీదా, గింబల్ మీదా బ్యాలెన్స్ మళ్లీ సరిచూసుకోవాలి, ముందు బరువు పెరిగింది.

తీసేటప్పుడు

వైడ్ లెన్స్ తగిలించాక మనిషిని చూసే పద్ధతి మారాలి. ఫ్రేము అంచున కూర్చున్నవారి ముఖం, భుజం పక్కకు సాగుతాయి, ముఖానికి మరీ దగ్గరగా వెళితే ముక్కు పెద్దదవుతుంది. పెళ్లికూతురి ముఖం తీయాలంటే ముందుకు నడిచి వెళ్లకండి, ఉన్న చోటి నుంచే జూమ్ చేయండి. జూమ్ త్రూ లెన్స్ కొనమన్నది ఇందుకే. పెద్దవాళ్లను అంచులకు కాకుండా కొంచెం లోపలికి ఉండేలా ఫ్రేము కట్టండి. కెమెరాను పైకో కిందికో వంచితే గోడలు, మండపం స్తంభాలు ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు కనిపిస్తాయి. కింద కూర్చున్నవారిని తీసేటప్పుడు నిలబడి కిందికి వంచే బదులు, మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను సమంగా పట్టుకోండి. చిన్న గదిలో మూలన నిలబడితే రెండు గోడలూ కనిపించి గది విశాలంగా తోస్తుంది. ఊరేగింపు వెంట నడుస్తూ తీయడానికి ఈ లెన్స్ ఎంతో మేలు, ఎందుకంటే చేతి వణుకు టెలీలో కనిపించినంతగా వైడ్‌లో కనిపించదు.

వెలుతురు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటి తన మీద పడిన వెలుతురులో సుమారు 4 శాతాన్ని తిప్పికొడుతుంది. వైడ్ లెన్సుతో ఇలాంటి ఉపరితలాలు పెరుగుతాయి. ముందరి గాజు ఉబ్బెత్తుగా ఉంటుంది. కెమెరాతో వచ్చిన హుడ్ దానికి పట్టదు. సీరియల్ లైట్లు, హాలోజన్ దీపాలు ఫ్రేము పక్కన ఉన్నా సరే దృశ్యంలో తెల్లటి పొర కమ్ముతుంది. మల్టీ కోటింగ్ (పలు పొరల పూత) ఉన్న లెన్సే కొనండి; తీసేటప్పుడు ఎడమ అరచేతిని దీపం వైపు నీడగా పట్టండి, కానీ అది ఫ్రేములోకి రాకుండా చూసుకోండి. కెమెరా పైన పెట్టిన మైకు మొన కూడా ఇలాగే పై అంచులో తొంగిచూస్తుంది.

శుభ్రం చేయడం, దాచడం

పూర్తి వైడ్‌లో ముందరి గాజు మీది చిన్న మరక కూడా కెమెరాకు కనిపిస్తుంది, ఒక్కోసారి ఆటో ఫోకస్ దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. మన వేడుకల్లో గాజు మీద పడనిదేముంది? పన్నీరు చుక్కలు, అక్షింతల పసుపు, కుంకుమ, హోమం దగ్గర నేతి పొగ. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య గాజును ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. పొడి రేణువులు ఉంటే ముందు బ్లోయర్‌తో ఊదాలి. ఊదకుండా తుడిస్తే బియ్యపు నూకే గీత గీస్తుంది. నేతి పొగ జిడ్డుకు, లెన్స్ ద్రవాన్ని గాజు మీద కాకుండా మైక్రోఫైబర్ గుడ్డ మీద ఒక చుక్క వేసి, మధ్య నుంచి అంచుకు గుండ్రంగా తుడవాలి.

ఇంటికి రాగానే లెన్సును కెమెరా నుంచి విప్పండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో తేమ వల్ల గాజుల మధ్య బూజు పడుతుంది, అది పూతను తినేస్తుంది. తోలు సంచిలో కాకుండా, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గింజలున్న పొట్లాలైతే అవి గులాబీ రంగుకు తిరిగినప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. వర్షాకాలంలో పని లేకపోయినా నెలకొకసారి డబ్బా తెరిచి, గాజును టార్చిలైటుకు అడ్డంగా పట్టి, లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే పైన తుడిచి లాభం లేదు, విప్పి శుభ్రం చేసే మెకానిక్‌కు ఆ వారంలోనే ఇవ్వండి.