పిల్లల చేతికి మొదట మెంతులివ్వండి
పిల్లలతో తోటపని మొదలుపెట్టించడానికి గులాబీ అంటు అక్కర్లేదు, పోపులపెట్టెలో మెంతులు చాలు. గుప్పెడు రాత్రంతా నానబెట్టి, అడుగున నాలుగైదు చిల్లులున్న పాత టబ్బులో చల్లించండి. కావలి, సింగరాయకొండ వైపు ఇసుక నేలలో నీరు నిలవదు కాబట్టి రెండు పాళ్ల మట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపాలి. పైన అరంగుళం మట్టి కప్పితే మూడు నాలుగు రోజుల్లో మొలకలు మెడ వంచుకుని, పసుపు తొక్క నెత్తిన పెట్టుకుని పైకొస్తాయి. పిల్లల ఓపికకు అది సరిగ్గా సరిపోతుంది.

చెడేది నీళ్ల దగ్గరే. ముద్దుకొద్దీ చెంబులు కుమ్మరిస్తే కాడ మొదట్లో కుళ్లి మొక్క వాలిపోతుంది. వేలు గుచ్చి చూసి, తడి తగలకపోతేనే గ్లాసుడు పోయమనండి. ఎండాకాలం వడగాలికి మెంతి తట్టుకోదు, అప్పుడు తోటకూర వేయించండి. నెల తిరిగేలోపు కోతకొస్తుంది. తన చేత్తో కోసిన ఆకు వేసిన పప్పు వద్దనే పిల్లలు తక్కువ.