అడ్డుతెర దిగేలోపు: ఆటోఫోకస్ మోడ్‌లు అర్థం చేసుకోవడం ఎలా

ముషీరాబాద్‌లో మా స్టూడియోకి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ముందు అడిగేది లెన్సుల గురించి. నేను ముందు చెప్పేది ఫోకస్ గురించి. వెలుగు కాస్త తక్కువైతే ఎడిటింగ్‌లో సరిచేయొచ్చు, రంగు తేడాగా వస్తే మార్చుకోవచ్చు. పెళ్లికూతురి కళ్లు మసకగా వచ్చి, ఆమె వెనకున్న పూలదండ స్పష్టంగా వస్తే ఆ ఫొటోని బాగుచేసే మార్గం లేదు. పుస్తె కట్టే క్షణాన్ని ఇంకోసారి చేయమని అడగలేం కదా. మీరు తీసేది పెళ్లి కాకపోయినా, మీ పాప స్కూల్ డాన్సు అయినా, అమీన్‌పూర్ చెరువు మీద పక్షులు అయినా ఈ లెక్క మారదు.

కెమెరాలో ఆటోఫోకస్ మెనూ తెరవగానే కంగారు పుట్టడానికి కారణం, అందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగంగా కనిపించడమే. ఫోకస్ ఎప్పుడెప్పుడు చేయాలన్నది ఒక ప్రశ్న. ఫ్రేములో ఎక్కడ చేయాలన్నది ఇంకో ప్రశ్న. వీటిని విడదీసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ముందు మొదటి ప్రశ్న. ఒకసారి ఫోకస్ చేసి ఆగిపోయే మోడ్‌ని నికాన్, సోనీ ఏఎఫ్-ఎస్ అంటాయి (ఏఎఫ్ అంటే ఆటోఫోకస్), కెనాన్ వన్ షాట్ అంటుంది. షట్టర్ బటన్ సగం నొక్కగానే లెన్సు కదిలి, ఫోకస్ కుదిరాక ఆగుతుంది. వేలు తీసేదాకా ఆ దూరం మారదు. ఈలోపు ఎదుటి మనిషి అడుగు ముందుకేసినా కెమెరా పట్టించుకోదు. రెండోది ఏఎఫ్-సి. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో, అంటే లోపల అద్దం ఉండే కెమెరాల్లో, దీని పేరు ఏఐ సర్వో, అద్దం లేని మిర్రర్‌లెస్‌లలో సర్వో. బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ దూరం కొలుస్తూనే ఉంటుంది. మనిషి ఎంత వేగంగా దగ్గరికొస్తున్నాడో అంచనా కట్టి, షట్టర్ తెరుచుకునే సమయానికి అతనెక్కడ ఉంటాడో అక్కడికి లెన్సుని ముందే జరుపుతుంది. ఈ రెండింటి మధ్యలో ఏఎఫ్-ఏ, ఏఐ ఫోకస్ అనే మోడ్ ఉంటుంది. ఎదుటి మనిషి కదులుతున్నాడో లేదో కెమెరానే తేల్చుకుంటుంది. దాన్ని వాడొద్దని నా గట్టి సలహా. అది తేల్చుకునేసరికి మనకు కావలసిన క్షణం అయిపోతుంది.

నిలబడ్డవాళ్లకి ఏఎఫ్-ఎస్, కదిలేవాళ్లకి ఏఎఫ్-సి అని అందరూ చెబుతారు. నేను దీనికి పూర్తిగా ఒప్పుకోను. 50 ఎంఎం లెన్సులో అపర్చర్‌ని, అంటే కాంతి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్1.8 దగ్గర పెట్టి, మీటరు దూరంలో ఉన్న మనిషిని క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరాతో తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. మీరు కాస్త ముందుకు ఊగినా ఫోకస్ కంటి మీద నుంచి చెవి మీదకి పోతుంది. కదలకుండా కూర్చున్న మనిషికైనా ఏఎఫ్-సి వాడటమే మేలు, ముఖ్యంగా మిర్రర్‌లెస్ కెమెరాతో. పాత డీఎస్ఎల్ఆర్‌తో స్టేజీ మీద గ్రూప్ ఫొటోలు తీసేటప్పుడు, వరసగా నిలబెట్టిన చుట్టాలకి మాత్రం ఏఎఫ్-ఎస్ నిశ్చింత.

ఒక్క జాగ్రత్త ఉంది. ఏఎఫ్-ఎస్‌లో ఫోకస్ కుదరకపోతే చాలా కెమెరాలు ఫొటో తీయవు. ఏఎఫ్-సిలో అలా కాదు, చాలావాటిలో బటన్ పూర్తిగా నొక్కితే ఫోకస్ కుదిరినా కుదరకపోయినా ఫొటో పడిపోతుంది. దీన్ని రిలీజ్ ప్రయారిటీ అంటారు. అందుకని ఏఎఫ్-సిలో ఒక్కసారిగా నొక్కేయకుండా, క్షణం ముందు నుంచే సగం నొక్కి కెమెరాకి కొలుచుకునే టైమ్ ఇవ్వండి.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. మొత్తం ఫ్రేముని కెమెరాకి వదిలేస్తే అది సాధారణంగా దగ్గరగా ఉన్నదాన్నో, వెలుగునీడల తేడా గట్టిగా ఉన్నదాన్నో పట్టుకుంటుంది. ఇప్పటి ఫంక్షన్ హాళ్లలో ఇదొక పెద్ద చిక్కు. వెనక మెరిసే ఎల్ఈడీ వాల్, ముందు పంతులుగారి మైక్ స్టాండ్, పక్కన వీడియోవాళ్ల లైటు. మనకు ఎవరు కావాలో వీటి మధ్య కెమెరాకి ఎలా తెలుస్తుంది? సింగిల్ పాయింట్ పెట్టి, ఆ చిన్న చదరాన్ని మనమే కంటి మీదకి జరపాలి. మనిషి కదులుతుంటే ఆ ఒక్క చుక్కని నిలబెట్టడం కష్టం, అప్పుడు జోన్, అంటే కొన్ని చదరాల గుంపు, వాడాలి. కళ్లని గుర్తుపట్టే సదుపాయం ఉన్న కెమెరా అయితే దాన్ని ఆన్ చేసి, జోన్‌ని మనకు కావలసిన మనిషి చుట్టూ పెట్టండి. మొత్తం ఫ్రేము ఇచ్చేస్తే అది వెనక వరసలో కూర్చున్న మేనమామ కళ్లని కూడా చక్కగా పట్టుకుంటుంది.

అసలు కెమెరా ఫోకస్ ఎలా చూస్తుందో కొంచెం తెలిస్తే తర్వాత చెప్పేవి సులువుగా అర్థమవుతాయి. లెన్సు ఒక పక్క నుంచి వచ్చిన కాంతినీ, ఎదుటి పక్క నుంచి వచ్చిన కాంతినీ పోల్చి, ఆ రెండు బొమ్మలూ ఎంత తప్పుకున్నాయో చూసి, లెన్సు ఎటు, ఎంత జరగాలో లెక్కేస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లలో ఈ పని అద్దం కింద ఉండే వేరే సెన్సర్ చేస్తుంది. మిర్రర్‌లెస్‌లలో ఫొటో తీసే సెన్సరే చేస్తుంది. కెనాన్ 2013లో 70డీతో తెచ్చిన డ్యూయల్ పిక్సెల్ ఇలాంటిదే. పోల్చాలంటే ఏదో ఒక అంచు కనపడాలి. తెల్ల గోడ, నల్ల షేర్వాణీ, పొగలో ఉన్న ముఖం మీద అంచు దొరక్క లెన్సు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. పట్టుచీర జరీ అంచు, తలపాగా మడత, బొట్టు లాంటివి వెతికి పట్టుకోండి. ఇంకో సంగతి: చాలా మిర్రర్‌లెస్ కెమెరాలు కుడి ఎడమల తేడానే పోలుస్తాయి కాబట్టి అడ్డగీతలు మాత్రమే ఉన్నచోట తడబడతాయి. అప్పుడు కెమెరాని కాస్త పక్కకి వంచి ఫోకస్ పట్టుకుని, మళ్లీ నిలువుకి తెచ్చుకోండి.

ఇప్పుడు అడ్డుతెర. నాకు పెళ్లిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే, ఫోకస్ ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించుతారు, వధూవరులు ఒకరినొకరు చూసుకుంటారు. పెళ్లికొడుకు భుజం మీదుగా పెళ్లికూతురి ముఖం తీయాలనుకుంటే, తెర ఉన్నంతసేపూ కెమెరాకి కనిపించేది తెరే. దాని మీద పెద్ద స్వస్తిక్ ఉంటుంది, ఎర్రటి అంచు ఉంటుంది. ఆటోఫోకస్‌కి అంతకంటే సులువైన లక్ష్యం ఉండదు. తెర జారాక లెన్సు అక్కడి నుంచి ముఖం దాకా ప్రయాణం చేయాలి, ఆ లోపే ఆ మొదటి చూపు అయిపోతుంది.

దీనికి పరిష్కారం బ్యాక్ బటన్ ఫోకస్. ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తీసేసి, వెనక బొటనవేలి దగ్గరుండే ఏఎఫ్-ఆన్ బటన్‌కి ఇవ్వడం. మెనూలో బటన్ల సెట్టింగుల్లో ఇది ఉంటుంది. ఏఎఫ్-ఆన్ లేని చిన్న కెమెరాల్లో, వెలుగు కొలతని మారకుండా ఆపే ఏఈ లాక్ బటన్‌కి ఇవ్వొచ్చు. అప్పుడు బొటనవేలు నొక్కి ఉంచితే ఏఎఫ్-సి నడుస్తుంది, వేలు తీసేస్తే దూరం అక్కడే ఆగిపోతుంది, షట్టర్ నొక్కినా మారదు. తెర పట్టకముందే పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ పట్టుకుని వేలు తీసేయండి. మీరు నిలబడ్డచోటు నుంచి కదలొద్దు. ఎఫ్4 దాకా అపర్చర్ తగ్గించుకుంటే (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది, ఆమె కాస్త ముందుకు వంగినా ఇబ్బంది ఉండదు. తెర కిందికి జారుతుండగానే షట్టర్ నొక్కడం మొదలుపెట్టి, ముఖం పూర్తిగా కనపడగానే బొటనవేలు మళ్లీ నొక్కండి. మా పిల్లలు మొదట్లో, ‘అన్నా, రెండు వేళ్లతో కష్టంగా ఉంది’ అంటారు. ఇంట్లో రోజూ కాసేపు చేస్తే చేతికి అలవాటవుతుంది.

తలంబ్రాలకి చిక్కు వేరు. ముఖానికీ లెన్సుకీ మధ్య పసుపు బియ్యం కురుస్తుంటాయి. కెమెరా చురుగ్గా ఉంటే ప్రతి గింజ వెనకా పరిగెత్తుతుంది. ఇక్కడ ఏఎఫ్-సి పట్టుదల పెంచాలి. సోనీలో ట్రాకింగ్ సెన్సిటివిటీని లాక్డ్ ఆన్ వైపు, అంటే 1కి తెచ్చుకోవాలి. కెనాన్‌లో కేస్ 2 అనే సెట్టింగు ఉంది, మధ్యలో అడ్డం వచ్చేవాటిని వదిలేసి మొదట పట్టుకున్న మనిషినే అంటిపెట్టుకోవడానికి. నికాన్‌లో లాక్-ఆన్ సెట్టింగుని ఆలస్యం వైపు జరపాలి. షట్టర్ వేగం 1/500 సెకను దగ్గర ఉంచితే నవ్వు చెదరదు. బరాత్‌లోనూ చేతులూ సెల్‌ఫోన్లూ అడ్డం వస్తుంటాయి కాబట్టి ఇదే సెట్టింగు పనికొస్తుంది. మర్ఫా డప్పులు మొదలయ్యాక అక్కడెవరూ ఒకచోట నిలబడరు. రాత్రిపూట ఇంకొకటి గుర్తుంచుకోండి. చీకట్లో సాయం చేసే ఫోకస్ లైటు చాలా కెమెరాల్లో ఏఎఫ్-సిలో వెలగదు. డీఎస్ఎల్ఆర్ అయితే మధ్య పాయింట్ వాడండి, సాధారణంగా అన్నిటికంటే బాగా పట్టేది అదే.

నెహ్రూ జూ పార్కులో జాలీ వెనకున్న జంతువులకి సింగిల్ పాయింట్ ఒక్కటే దారి. జాలీ సందులోంచి చుక్కని జంతువు మీద పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరవండి. మీకు అనుమతి ఉన్నంత మేరకు జాలీకి దగ్గరగా నిలబడితే తీగలు ఫొటోలో కరిగిపోతాయి.

ఫొటో మసకగా వచ్చిన ప్రతిసారీ ఆటోఫోకస్‌ని తిట్టకండి, ముందు పెద్దది చేసి చూడండి. మనిషి మసకగా ఉండి, అతని ముందో వెనకో ఇంకేదైనా పదునుగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. ఫ్రేములో ఏదీ పదునుగా లేకుండా, అన్నీ ఒకే వైపు సాగినట్టు ఉంటే చెయ్యి కదిలింది. నిలబడ్డవాళ్లు స్పష్టంగా ఉండి డాన్సు చేసేవాళ్లు మాత్రమే చెదిరితే షట్టర్ వేగం చాలలేదు. ఈ మూడింటికీ మందు వేరు వేరు. రెండో, మూడో సమస్యకి మోడ్ ఎంత మార్చినా ఫలితం ఉండదు.

ఉంగరాలు, పుస్తెల క్లోజప్‌లో లెన్సు ఎంతకీ ఫోకస్ పట్టకపోతే మోడ్‌ని అనుమానించే ముందు దూరం చూడండి. ప్రతి లెన్సుకీ ఇంతకంటే దగ్గరికి ఫోకస్ కాదన్న హద్దు ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎంకి అది 35 సెంటీమీటర్లు, నికాన్ 50 ఎంఎం ఎఫ్1.8జీకి 45. ఈ దూరం లెన్సు చివర నుంచి కాదు, కెమెరా లోపలి సెన్సర్ నుంచి లెక్క. కాస్త వెనక్కి జరిగి, మళ్లీ బొటనవేలు నొక్కండి.