ఇంట్లో కాచిన స్టౌట్‌ను కెగ్‌లో మాగబెట్టడం ఎలా

స్టౌట్ వంటి నల్ల బీరు అంటేనే నెలల తరబడి మాగాలనే అభిప్రాయం చాలామందిలో ఉన్నది గానీ, అది అన్నింటికీ వర్తించదు. ఆల్కహాల్ నాలుగైదు శాతం ఉండే డ్రై స్టౌట్‌కు వేయించిన బార్లీ పరిమళమే ప్రాణం కనుక, దానిని రెండు మూడు నెలల లోపు తాగేయడమే మేలు. మాగబెట్టదగినది 9 శాతం పైబడిన ఇంపీరియల్ స్టౌట్. దానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు గడువు ఇవ్వవచ్చు.

అమెరికాలో ఇళ్ళలో బీరు కాచేవారు ఎక్కువగా వాడేది ఐదు గ్యాలన్ల, అంటే సుమారు 19 లీటర్ల, స్టీలు కెగ్ (బీరు నిలవచేసే పీపా). అందులో బీరు మాగుతుందా, పాడవుతుందా అన్నది చాలావరకు నింపే రోజునే తేలిపోతుంది. అందుచేత ముందుగా కెగ్‌ను శానిటైజర్ ద్రావణంతో అంచు వరకు నింపి, మూత బిగించి, ఆ ద్రావణాన్నంతా కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో బయటికి నెట్టివేయాలి. ఆ తరువాత పులియడం పూర్తయి తేటపడిన బీరును, మూత తెరవకుండా, గొట్టం ద్వారా అడుగు నుంచి ఎక్కించాలి. బీరును పులియబెట్టే ఈస్ట్ ఎక్కువగా వెంట వస్తే నెలలు గడిచేకొద్దీ ఆ కణాలు చచ్చి పగిలి, బీరుకు సోయా సాస్ రుచి పట్టిస్తాయి. చివరగా 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే ఒత్తిడి కొలత) ఒత్తిడి పెట్టి, మూత చుట్టూ సబ్బు నీళ్ళు రాసి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఒకసారి నేను ఈ ఒక్క పరీక్ష వదిలేశాను. పాత రబ్బరు రింగు సన్నగా బీటలిచ్చి ఉండడంతో ఒత్తిడంతా పోయి, గాలి చేరి, మూడో నెలకల్లా బీరు తడిసిన అట్టపెట్టె వాసన వేసింది. పంతొమ్మిది లీటర్లూ పారబోయవలసి వచ్చిన ఆ రోజు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కెగ్‌ను 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఎండ వేడి తగలని నేలమాళిగలో ఉంచాలి.

మొదటి నెలలో గ్లాసు నోటి దగ్గర పెట్టగానే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు తగులుతుంది. మింగిన తరువాత మాడిన కాఫీ గింజ కొరికినట్టు చేదు, వక్క నమిలినట్టు వగరు నాలుకపై మిగులుతాయి. ఈ వగరుకు కారణమైన పాలీఫినాల్స్‌లో కొంత భాగం ప్రొటీన్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది. బీరులో వేసే హాప్స్ అనే పూల నుంచి వచ్చి చేదునిచ్చే ఆమ్లాలు కూడా నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. మూడు నాలుగు నెలలకు అదే బీరు చాక్లెట్ రుచి వైపు మొగ్గుతుంది, ఆరో నెల దాటాక ఎండు ద్రాక్ష, ఖర్జూరం ఛాయలు పైకి వస్తాయి. ఈ చివరి పరిమళాలలో అతి స్వల్పమైన ఆక్సీకరణకు కూడా పాత్ర ఉన్నది. అది మోతాదు మించితేనే అట్ట వాసన మొదలవుతుంది.

నెలకొకసారి అరగ్లాసు రుచి చూసి, తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. లోపలి గొట్టం అడుగు దాకా ఉంటుంది కాబట్టి మొదట వచ్చేది బురద రంగు మడ్డి. దానిని పారబోసి, తరువాత వచ్చిన దానినే రుచి చూడాలి. వరుసగా రెండు నెలలు వేపుడు పరిమళం తగ్గుతున్నట్టు తోస్తే ఇక ఆగకూడదు. కాఫీ, వనిల్లా వంటివి త్వరగా వాసన కోల్పోతాయి గనుక, చేర్చదలచుకుంటే ఈ దశలోనే చేర్చి, కెగ్‌ను కుదపకుండా 4 డిగ్రీలకు చల్లబరచి, 10–12 పీఎస్‌ఐ మీద వారం పది రోజులు ఉంచి, గ్లాసులో పోశాక పావుగంట ఆగి తాగాలి.