నీట మునిగిన పాత విమానాన్ని బయటికి తీసి కాపాడటం ఎలా?

పాత యుద్ధ విమానం ఎక్కడైనా బయటపడిందని తెలియగానే అందరూ ముందు క్రేన్ గురించే మాట్లాడతారు. నన్నడిగితే క్రేన్ చివర్లో చూసుకోవాల్సిన పని. తీశాక ఎక్కడ పెడతాం, ఏళ్ల తరబడి ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి తేలకపోతే దాన్ని నీళ్లలోనే ఉండనివ్వడం మేలు.

1. ముందు ముట్టుకోకండి. లోపల పేలని బాంబులు, తూటాలు ఉండొచ్చు. చీకట్లో మెరిసే పాత మీటర్ల ముళ్లకు రేడియం రంగు పూసేవారు, అదీ ప్రమాదమే. అన్నిటికంటే ముఖ్యం, సిబ్బంది అస్థికలు అక్కడే ఉండొచ్చు. పోలీసులకు చెప్పండి, అనుమతి తీసుకోండి. బ్రిటన్‌లో 1986 నాటి చట్టం ప్రకారం రక్షణ శాఖ లైసెన్సు లేకుండా కూలిన సైనిక విమానాన్ని కదిలించడం నేరం.

2. ఉన్నది ఉన్నట్టు నమోదు చేయండి. ఏ ముక్క ఎక్కడ, ఏ వైపు తిరిగి పడి ఉందో ఫొటోలు, కొలతలతో సహా రాసుకోండి. తీశాక ఆ వివరం మళ్లీ దొరకదు.

3. శుద్ధి చేసే చోటు సిద్ధం చేశాకే ఎత్తండి. అసలు కీలకం ఇదే. విమానాల అల్యూమినియంలో రాగి కలిసి ఉంటుంది, పక్కనే ఉక్కు బోల్టులు ఉంటాయి. వేర్వేరు లోహాలు ఇలా తాకి ఉంటే తినివేత ఎక్కువ. ఇన్నేళ్లుగా సముద్రంలో పీల్చుకున్న ఉప్పుకు గాలి కూడా తోడైతే లోహం గుంటలు పడి, తెల్లని పొడిగా రాలిపోతుంది. అందుకే బయటికి తీసిన క్షణం నుంచీ తడి ఆరనివ్వకూడదు. చల్లని మంచినీటి సరస్సుల్లో ఉన్నవి కాస్త నయం. 1945లో నార్వేలోని మ్యోసా సరస్సులో పడ్డ హాలిఫాక్స్ బాంబర్‌ను 1995లో తీసి, కెనడాలో మళ్లీ నిలబెట్టగలిగారు.

4. బలమైన చోటే తాళ్లు కట్టండి. 1940 ఆగస్టు 26న కూల్చివేతకు గురైన జర్మన్ బాంబర్ డోర్నియర్ 17 ఇంగ్లండ్‌లోని కెంట్ తీరం దగ్గర గుడ్విన్ శాండ్స్ ఇసుకలో తలకిందులుగా దొరికింది. ఫ్రేములో బిగించి తీద్దామనుకున్నారు. వాతావరణం అనుకూలించక ఆ ఆలోచన మానుకుని, గట్టి భాగాలకు తాళ్లు కట్టి 2013 జూన్ 10న పైకి తెచ్చారు. పరికరాలతో పాటు సమయమూ ముఖ్యమే. తొందరపడితే ఏమవుతుందో గ్రీన్‌లాండ్ మంచులో చిక్కుకున్న అమెరికా బాంబర్ బి-29 'కీ బర్డ్' చూపించింది. 1995లో దాన్ని మంచు మీద నుంచే ఎగరేసుకుపోవాలని చూస్తే, సహాయక విద్యుత్ యంత్రం వల్ల మంటలు లేచి కాలిపోయింది.

5. ఉప్పు పోయేదాకా ఓపిక పట్టండి. డోర్నియర్‌ను ఇంగ్లండ్‌లోని కాస్ఫర్డ్‌లో ఉన్న ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ వాయుసేన) మ్యూజియం సొరంగం ఆకారపు ప్లాస్టిక్ గుడారాల్లో ఉంచి, సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు కలిపిన నీటిని నెలల తరబడి చిలకరించింది. అది పెచ్చులను, గుల్లలను మెత్తబరుస్తుంది, లోహంలోని ఉప్పును నెమ్మదిగా బయటికి లాగుతుంది. ఆమ్లత్వం మితిమీరకుండా సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కూడా కలిపారు. నిపుణులు లేకుండా ఈ ప్రయోగం చేయవద్దు.

6. శుభ్రం చేసేటప్పుడు చెయ్యి తేలిగ్గా పెట్టండి. ఉక్కు బ్రష్ వాడితే సన్నని ఉక్కు తునకలు అల్యూమినియంలో గుచ్చుకుపోయి, అక్కడి నుంచే కొత్త తినివేత మొదలవుతుంది. నైలాన్ బ్రష్, చెక్క పుల్ల చాలు. అద్దంలా మెరిపించాలని రుద్దితే రేకు మీద రక్షణగా ఉండే స్వచ్ఛమైన అల్యూమినియం పొర పోతుంది. పాత రంగు, గుర్తులు మిగిలి ఉంటే వాటి మీద కొత్త రంగు వేయకండి. చూడటానికి అందంగా లేకపోయినా ఆ రంగే సాక్ష్యం.

7. ప్రదర్శనకు పెట్టాకా పని ఆగదు. విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142 విమానం సముద్రంలో మునిగినది కాదు, 2017లో నౌకాదళం నుంచి రిటైరై వచ్చింది. అయినా ఉప్పు గాలికి ఎదురుగా నిలబడి ఉంది. అలాంటి చోట ఉంచే ఏ విమానాన్నైనా తరచూ మంచినీటితో కడగాలి. అడుగున నీళ్లు కారే రంధ్రాలు పూడిపోయాయేమో సన్నని పుల్లతో చూడాలి. ఇంజన్ నోట్లో పక్షి గూడు కనిపిస్తే తీసేసి, అక్కడ వల బిగించాలి. బరువంతా టైర్ల మీద పడకుండా కింద స్టాండ్లు పెట్టాలి.