కంపవాతంతో నడక – మూడో పాఠం: చేతికి పని చెప్పడం

పోయిన పాఠంలో చెప్పిన చీటీ రాస్తున్నారా? మాత్ర ఏ టైముకి వేసుకున్నారు, చెయ్యి ఎప్పుడు ఎలా ఆడింది అన్నదే ఆ చీటీ. రాయనివాళ్లు ఓ వారం రాసి, ఆ తర్వాత ఈ పాఠం మొదలుపెట్టండి. అది లేకపోతే ఇవాళ చెప్పేది సగం వృథా.

కంపవాతం, అంటే పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి నడిచేటప్పుడు చెయ్యి రెండు రకాలుగా ఆడుతుంది. చూసేవాళ్లకి రెండూ ఒకటే. మందు లెక్కలో మాత్రం పూర్తిగా వేరు.

మొదటిది అసలు వణుకు. సెకనుకి నాలుగు నుంచి ఆరు సార్లు, ఒకే లయలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మాత్ర చుడుతున్నట్టు ఉంటుంది. చేతికి పని లేనప్పుడు వస్తుంది. కాఫీ గ్లాసు అందుకోగానే తగ్గే చెయ్యి కాలువ గట్టు మీద ఎందుకు ఊగిపోతుందంటే, నడకలో అది ఊరికే వేలాడుతుంది కాబట్టి.

రెండోది డిస్కినీసియా, అంటే మందు వల్ల వచ్చే అదుపులేని కదలిక. ఈ జబ్బుకి ఇచ్చే లెవోడోపా మాత్రలు కొన్నేళ్లు వాడినవాళ్లలో ఎక్కువ. దీనికి లయ ఉండదు. చెయ్యి మెలికలు తిరుగుతుంది, భుజం, మెడ కూడా కదలచ్చు. చాలామందిలో మాత్ర బాగా పనిచేసే వేళ, అంటే వేసుకున్న గంట రెండు గంటలకి కనబడుతుంది. కింద చెప్పే చిట్కాలు దీనికి పెద్దగా పనికిరావు. చీటీ తీసుకెళ్లి న్యూరాలజిస్టుకి చూపించండి. మోతాదు మార్చాల్సింది డాక్టరే, మాత్ర హఠాత్తుగా మానేయడం ప్రమాదం. అన్నట్టు, ఎవరో చెప్పారని దూలగొండి గింజల పొడి పాలలో కలుపుకుని తాగుతుంటే అది కూడా దాచకుండా చెప్పండి. ఆ గింజల్లోనూ లెవోడోపా ఉంటుంది. మాత్రకి తోడు అదీ పడితే చెయ్యి ఇంకా ఆడచ్చు.

ఇక వణుకు. ఆపేద్దామని పిడికిలి బిగించి నడవకండి, భుజం పట్టేస్తుంది తప్ప లాభం లేదు. జబ్బు వైపు చెయ్యి మామూలుగా ముందుకీ వెనక్కీ ఊగడం కూడా తగ్గించేస్తుంది. అందుకని ముందు దాన్ని కావాలని ఊపాలి. ఎడమ కాలు ముందుకి పడితే కుడి చెయ్యి, కుడి కాలు పడితే ఎడమ చెయ్యి. మోచేతి నుంచి కాదు, భుజం నుంచి. ఒక కొబ్బరిచెట్టు నుంచి పక్క చెట్టు దాకా ఊపండి, అక్కణ్ణుంచి తర్వాతి చెట్టు దాకా మామూలుగా నడవండి. లెక్క పెట్టద్దు. మనసులో లెక్కలు కట్టేటప్పుడు ఈ వణుకు పెరుగుతుంది.

ఊపడం కుదరని చోట ఏదైనా తేలిగ్గా పట్టుకోండి. మడిచిన కండువా చాలు. పంచె కట్టేవాళ్లు అంచు ఓ చేత్తో పట్టుకుంటే ఎవరికీ వింతగా ఉండదు కూడా. ప్యాంటు వేసుకుంటే బొటనవేలు జేబు అంచుకి తగిలించండి. రెండో చెయ్యి మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. మన పెద్దవాళ్లకి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడిచే అలవాటుంది. ఈ జబ్బులో అది మానుకోవాల్సిందే. తూలితే ఆనుకోవడానికి చెయ్యి సమయానికి ముందుకి రాదు.

గట్టు మీద తెలిసినవాళ్లు ఎదురుపడి "ఏవండీ, చెయ్యి అలా కొట్టుకుంటందేంటి?" అంటారు. ఆయ్, అంటారు, మన వైపు అడక్కుండా ఎవరూ వదలరు. టెన్షన్ పడితే వణుకు రెట్టింపు. నడుస్తూ జవాబు చెప్పకండి. ఆగి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, కండువా పట్టుకుని మాట్లాడి, మాట అయ్యాకే కదలండి.

వాన పడ్డాక గట్టు వద్దు, బంకమన్ను జారుతుంది. ఊళ్లో సీసీ రోడ్డు మీద చేయండి, తోడుగా ఒకరుండాలి. మందు పనిచేస్తున్న వేళ, పది పదిహేను నిమిషాలు చాలు. చీటీలో కొత్తగా ఒక గడి గీసి, ఊపినప్పుడు తగ్గిందా, కండువా పట్టుకున్నప్పుడు తగ్గిందా రాయండి. ఇద్దరికి ఒకేలా ఉండదు.

నాలుగో పాఠం వెనక్కి తిరగడం గురించి. ఈలోగా గట్టు చివర లాకుల దగ్గర ఉన్నచోటే గిర్రున తిరగకండి, నాలుగైదు చిన్న అడుగులతో చుట్టు తిరిగి రండి.