సైకిల్ మీద ఆఫీసుకెళ్లేవాళ్లు గట్టి బ్యాగు ఎలా ఎంచుకోవాలి?

నా పాత బ్యాగు తెగింది వానాకాలంలో, కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ వెళ్తూ ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు. గుడ్డ చిరగలేదు, జిప్పూ పోలేదు. కుడి పట్టీ పైన బ్యాగుతో కలిసే చోట కుట్టు ఊడిపోయి, లాప్‌టాప్‌తో సహా బ్యాగంతా ఎడమ భుజానికి వేలాడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తిరగేసి చూస్తే, బయటికి అంత దిట్టంగా కనిపించే బ్యాగులో ఆ పట్టీని పట్టుకుని ఉన్నది ఒకే ఒక్క వరుస కుట్టు.

అప్పటినుంచి బ్యాగుల షాపుకెళ్తే ముందు జిప్పు తీసి లోపల చెయ్యి పెడతాను. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

బస్సులో వెళ్లేవాళ్లు బ్యాగు ఒళ్లో పెట్టుకుంటారు. సైకిల్ మీద అలా కుదరదు. ప్రతి గతుక్కీ, ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కీ లోపలి బరువు పట్టీలను ఒక గుంజు గుంజుతుంది. దానికి తోడు వీపు చెమట, ఎండ, వెనక చక్రం చిమ్మే బురద నీళ్లు. కాలేజీకి బాగా పనికొచ్చిన బ్యాగు ఇక్కడ ఏడాదికే చేతులెత్తేయడానికి కారణం ఇదే.

ముందు మీ సామాను తూచండి

రోజూ తీసుకెళ్లేవన్నీ ఒకచోట పెట్టి తూకం వేయండి. లాప్‌టాప్, ఛార్జర్, టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, మార్చుకోవడానికి ఒక చొక్కా, రెయిన్ కోటు. ఇవన్నీ 20 నుంచి 25 లీటర్ల బ్యాగులో పట్టేస్తాయి. అంతకంటే పెద్దది కొంటే ఖాళీ ఉంది కదా అని ఏదో ఒకటి కుక్కుతాం. చివరికి మోసేది మన వీపే.

బరువు 5 కిలోలు దాటుతుంటే కొంత క్యారియర్ మీదికి దించడం మేలు. నీళ్ల సీసాకి ఫ్రేమ్ మీద స్టాండు బిగించుకోవచ్చు. టిఫిన్ బాక్సు క్యారియర్‌కి కట్టుకోవచ్చు. సాంబారు కారినా కనీసం లాప్‌టాప్ మీద పడదు. లాప్‌టాప్ మాత్రం వీపు మీదే ఉండనివ్వండి, ఎందుకంటే గతుకుల దెబ్బను మన ఒళ్లు కొంత కాచుకుంటుంది, క్యారియర్ కాచుకోదు. సైకిల్ తాళం బ్యాగులో వేయకండి. బరువు సంగతి అలా ఉంచితే, వెల్లకిలా పడినప్పుడు వెన్నుపూసకీ రోడ్డుకీ మధ్య ఇనుప ముక్క ఉండకూడదు.

లోపలి కుట్టు చూడండి

భుజం పట్టీ బ్యాగుతో కలిసే పై చోటు, కింద సన్నపట్టీ వచ్చి కలిసే రెండు మూలలు, చేత్తో ఎత్తే పిడి. బరువంతా పడేది ఈ చోట్లలోనే. అక్కడ మామూలు కుట్టు మీద అడ్డంగా, దగ్గరదగ్గరగా జిగ్‌జాగ్ కుట్టు కనిపించాలి. టైలర్లు దీన్ని బార్‌టాక్ అంటారు. మీ జీన్స్ ప్యాంటు జేబు మూలల్లో కనిపించేది ఇదే. లేదా చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా రెండు గీతలు కుట్టి ఉన్నా మంచిదే. రెండూ లేకపోతే ఆ బ్యాగు పక్కన పెట్టేయండి.

తర్వాత లోపలి అంచులు. గుడ్డ కొసలు పోగులు ఊడుతూ బయటికి కనిపిస్తున్నాయా, లేక వాటి మీద సన్నటి టేపు వేసి కుట్టారా? టేపు ఉంటే పోగులు రాలవు, జిప్పులో ఇరుక్కోవు. కుట్ల దూరం కూడా గమనించండి. అంగుళానికి నాలుగైదు కుట్లే ఉంటే అనుమానించాల్సిందే. అలాగని మరీ దగ్గరగా కుట్టినా గుడ్డలో సూది రంధ్రాలు ఎక్కువై, తపాలా బిళ్ల అంచులా ఆ వరుస వెంటే చిరుగుతుంది.

చివరగా ఒక చేత్తో బ్యాగు అదిమి పట్టి, రెండో చేత్తో పట్టీని గట్టిగా లాగండి. కుట్ల మధ్య సందు తెరుచుకుని దారాలు కనబడితే, రేపు రోడ్డు మీద జరగబోయేది ఇప్పుడే చూసేసినట్టు.

లాప్‌టాప్ పెట్టే అర కింది భాగం చూడటం మర్చిపోకండి. అది బ్యాగు అడుగు దాకా రాకుండా ఒకటి రెండు అంగుళాలు పైనే ఆగాలి. లేకపోతే ఆఫీసులో బ్యాగు నేల మీద పెట్టిన ప్రతిసారీ లాప్‌టాప్ మూల టక్కున తగులుతుంది.

జిప్పు, బకిళ్లు

జిప్పు మూసి ఉన్నప్పుడు పళ్ల వరుస ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, దాని నంబరు సుమారుగా అంత. చిన్న జేబులకు 5 నంబరు చాలు, పెద్ద అరకు 8 లేదా 10 ఉండాలి. రన్నర్ మీద జపాన్ కంపెనీ వైకేకే పేరు చూసి వెంటనే నమ్మేయకండి, ఆ పేరుతో నకిలీలు కూడా తిరుగుతుంటాయి. ఒంటి చేత్తో మూల మలుపు దగ్గర నాలుగైదుసార్లు లాగి చూడండి. పట్టేస్తే వద్దు.

బకిల్ విరిగితే మార్చుకోవచ్చా అన్నది అడగాల్సిన ఇంకో ప్రశ్న. పట్టీని వదులుచేసి బకిల్‌ని బయటికి తీయగలిగేలా ఉంటే, విరిగిన రోజు కొత్తది తొడిగితే సరిపోతుంది. కుట్టులో కలిపేసి ఉంటే ఆ కాస్త ప్లాస్టిక్ ముక్క కోసం రిపేరు షాపు చుట్టూ తిరగాలి.

గుడ్డ మీద రాసే అంకెలు

ట్యాగు మీద 420డి, 600డి, 1000డి అని ఉంటుంది. డి అంటే డెనియర్. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టు నూలు కొనే పోచంపల్లి, ధర్మవరం నేతగాళ్లకు ఇది కొత్త మాటేం కాదు. అయితే వాళ్లు లెక్కపెట్టేది ఇరవైల్లో, బ్యాగులవాళ్లు చెప్పేది వందల్లో.

అంకె పెద్దదైతే గుడ్డ గట్టిదనుకుంటాం గానీ, అది దారం మందాన్నే చెబుతుంది. దారం దేనిదో కూడా చూడాలి. ఒరిపిడికి పాలిస్టర్ కంటే నైలాన్ బాగా ఆగుతుంది, ఎండకు మాత్రం పాలిస్టరే నయం. కాబట్టి 420 నైలాన్ బ్యాగు 600 పాలిస్టర్‌కి తీసిపోదు. రోజూ వాడకానికి ఈ రెండిట్లో ఏదైనా చాలు. 1000 డెనియర్ కోర్డురా (ఒరిపిడికి బాగా ఆగే గట్టి గుడ్డ) లాంటివి బ్యాగు అడుగు భాగానికి ఉంటే బాగుంటుంది, బ్యాగంతా అదే అయితే ఖాళీగానే బరువు మొదలవుతుంది.

వాన సంగతి

‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట ట్యాగు మీద ఉన్నా, మామూలుగా కుట్టిన బ్యాగులో నీళ్లు సూది రంధ్రాల్లోంచీ జిప్పులోంచీ దిగుతాయి. కుట్ల మీద లోపల టేపు అతికించినవీ, పైభాగం చుట్టి మూసేవీ మాత్రమే నిజంగా వాన కాస్తాయి. రెయిన్ కవర్ పైనుంచి పడే నీళ్లను ఆపుతుంది. కానీ వీపు వైపు మూయదు, అటునుంచి కారిన నీళ్లు కవర్ అడుగున చేరి నిలుస్తాయి. సైకిల్‌కి వెనక మడ్‌గార్డ్ లేకపోతే బురద కూడా అటే చేరుతుంది. అందుకే నేను చేసేది ఒకటే. లాప్‌టాప్, చొక్కా ఒక మందపాటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూతి మడిచి లోపల పెడతాను. ఖర్చు పెద్దగా లేదు, ఇంతవరకు తడవలేదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ని 2023 అక్టోబరులో తెరిచారు. మీ ఆఫీసు దాని పక్కనే ఉంటే మీరు అదృష్టవంతులు. మిగతావాళ్లకు ప్లాస్టిక్ సంచే గతి.

వేసుకుని చూడండి

షాపుకి ఖాళీ చేతులతో వెళ్లకండి. మీ లాప్‌టాప్, టిఫిన్ బాక్సు, హెల్మెట్ పట్టుకెళ్లండి. నింపి, వీపుకి తగిలించి, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు ఒంగండి. తల ఎత్తి దూరంగా చూస్తే హెల్మెట్ బ్యాగుకి తగలకూడదు. తర్వాత కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి చూస్తూ చెయ్యి చాపండి, యూటర్న్ తీసుకోబోతున్నట్టు. బ్యాగు పక్కకి జారితే ఛాతీ పట్టీ బిగించి మళ్లీ చూడండి. ఆ పట్టీ అసలే లేని బ్యాగు సైకిల్‌కి పనికిరాదు.

వీపు వైపు జాలీ గుడ్డ, మధ్యలో గాలి ఆడే కాలువ ఉంటే కొంత ఊరట. కొంతే. ఏప్రిల్, మే నెలల్లో ఏ బ్యాగు వేసినా చొక్కా తడిసే తీరుతుంది, అందుకే మార్చుకునే చొక్కా తూకంలో కలిపాను.

రంగు నల్లదే నచ్చితే తీసుకోండి గానీ, హెడ్‌లైట్ పడితే మెరిసే పట్టీ వెనక ఉండాలి. ఎర్ర లైటు తగిలించే ఉంగరం ఉంటే, ఒంగినప్పుడు ఆ లైటు ఆకాశం వైపు తిరుగుతుందేమో చూడండి.

కొన్నాక

రెండు నెలలకోసారి బకెట్ గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి, పట్టీలు, వీపు భాగం చేత్తో రుద్ది కడగండి. చెమట ఉప్పు అక్కడే పేరుకుంటుంది. వాషింగ్ మెషీన్ వద్దు, ఎండలోనూ ఆరేయకండి. తడి బ్యాగుని బీరువాలో పెడితే లోపలి పూత చెడి తెల్లటి పొట్టులా రాలుతుంది, పుల్లటి వాసన వేస్తుంది, ఇక అది బాగుపడదు. రన్నర్ వదులైతే మాత్రం బ్యాగు పారేయనక్కర్లేదు. బ్యాగులు బాగుచేసే దుకాణంలో రన్నర్ ఒక్కటే మార్చి ఇస్తారు. అక్కడికి వెళ్లినప్పుడే పట్టీ మూలల మీద ఇంకో వరుస కుట్టు వేయించుకోండి. నా పాత బ్యాగుకి అలాగే వేయించాను, ఇప్పుడు దాన్ని కూరగాయలకు వాడుతున్నాను.