సభకు పెద్దయిన గురువు జీవితం సావనీరుకు రాయాలంటే

విచారణ (ఒక గుడి పరిధిలోని కతోలిక సంఘం) జూబిలీకి సావనీరు (ప్రత్యేక సంచిక) వేస్తున్నారు, ఆ ఊళ్లో పుట్టి మఠసభకు (మాటపట్టు ఇచ్చిన మఠవాసుల సంస్థకు) పెద్దయిన గురువు మీద రెండు పేజీలు కావాలి. పొగడ్తలు ఎవరైనా రాస్తారు. తప్పులు దొర్లేది తేదీల్లో, పదవుల్లో.

ముందు విచారణ గురువుల అనుమతితో జ్ఞానస్నానాల రిజిస్టరు చూడండి. పుట్టినరోజు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు ఒకే వరుసలో దొరుకుతారు. అసలు సరుకు మార్జిన్‌లో ఉంటుంది: భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), శాశ్వత మాటపట్టు (మఠసభలో జీవితాంతం ఉంటానని చేసే వ్రతం), గురుపట్టం (గురువుగా అభిషేకం) అక్కడే ఎక్కించాలని నియమం. పాత పేజీలు లాటిన్‌లో ఉంటే ‘7బ్రిస్’ అన్నది జులై అనుకోకండి, సెప్టెంబరు. ‘8బ్రిస్’ అక్టోబరు. మార్చి నుంచి నెలలు లెక్కపెట్టిన పాత రోమన్ పేర్లవి. ‘పెత్రుస్’ అని ఉన్నాయన ఇంట్లో పేతురే. తండ్రి పేరు కలిసిందో లేదో చూసుకోండి. చెమ్మకు అతుక్కున్న పేజీల్ని గోటితో లాగితే సిరా ఎదుటి పేజీకి అంటుకుని వచ్చేస్తుంది, వదిలేయండి.

రిజిస్టరులో లేనివి పెద్దవాళ్లని అడగాలి. ‘ఏ సంవత్సరం?’ అంటే తడుముకుంటారు. ‘గోదారి వరదకి ముందా, తర్వాతా?’ అనండి, చెప్పేస్తారు. పెద్ద వరద 1986 ఆగస్టు, కోనసీమ తుపాను 1996 నవంబరు 6. ఏ వరదో మాత్రం రెట్టించి అడగండి. 1953 వరద చూసినవాళ్లూ ఉంటారు.

మాటపట్టు వేరు, గురుపట్టం వేరు. మధ్యలో ఏళ్లు గడుస్తాయి కాబట్టి ‘స్వర్ణోత్సవం’ అని రాస్తే దేనిదో చెప్పాలి.

ఇక పదవి. ఒక మఠానికి పెద్దయినా, ప్రొవిన్షియల్ (సభలో ఒక ప్రాంతానికి పెద్ద) అయినా, సభ మొత్తానికి సుపీరియర్ జనరల్ అయినా ఊళ్లో అందరికీ ‘సుపీరియర్ గారే’. ఏదో తేల్చుకోండి, ఎన్నికైన ఏడూ దిగిన ఏడూ రెండూ రాయండి. ‘కన్నుమూసే వరకు సభను నడిపారు’ అన్న వాక్యం అలవాటుగా వచ్చేస్తుంది, జాగ్రత్త. యేసు సభ (జెస్యూట్లు) జనరల్ పదవి జీవితాంతం ఉండేదే. అయినా 1965లో ఎన్నికైన పెద్రో అర్రూపే పక్షవాతం వచ్చాక 1983లో రాజీనామా చేశారు, చనిపోయింది 1991లో.

సభ పుట్టుక ఒక్క పేరా చాలు. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ అయితే: 1838లో అనెసీలో (నేటి ఫ్రాన్స్‌లో ఉంది) పీటర్ మెర్మియే స్థాపించారు, ఆ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. మెర్మియే పంపించారే గాని తాను రాలేదు. ‘మన తీరానికి వచ్చిన మెర్మియే’ అని ఎవరైనా చేర్చితే కొట్టేయండి.